నొప్పి ఉందా అని అడిగితే

ఎల్లేశం గనిలో పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే మనిషి. బొగ్గు తీసిన చోట పైనున్న రాయి కుంగి మీద పడకుండా, ముందుగా పోయి దిమ్మెలు బిగించి, వెనక వచ్చేవాళ్లకు దారి భద్రం చేయడం అతని పని. పెద్దపల్లి అవతలి పల్లె నుంచి ఇరవై రెండేళ్ల వయసులో గోదావరిఖని వచ్చి, రిటైరయ్యేదాకా ఆ పనే చేశాడు. కుడిచేతి వేళ్లలో రెండింటికి గోళ్లు లేవు. మాట తక్కువ. తల వంచుకుని నడిచేవాడు. భూమిలోపల వంగి నడిచిన అలవాటు పైకి వచ్చినా పోలేదని భార్య అనసూర్య నవ్వేది.

వయసులో ఉన్నప్పుడు బాగా తాగేవాడు. ఒకరోజు పొద్దటి షిఫ్టుకు రాత్రి మత్తు దిగకుండానే లోపలికి దిగాడు. ఒక దిమ్మె సరిగా బిగించలేదు. బిగించానని మాత్రం చెప్పాడు. ఆ మాట నమ్మి ముందుకు పోయిన బుచ్చన్న మీద రాయి జారింది. బుచ్చన్న ప్రాణం దక్కింది కానీ ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఎంక్వైరీలో ఎల్లేశంను నిలబెట్టి అడిగితే, "నేను ఆగుమన్న సారు. ఆయినె ఇనకుంట పోయిండు" అన్నాడు. కాగితాల మీద తప్పు బుచ్చన్నదైపోయింది.

నాలుగేళ్లు ఆ మాట మోస్తూ మరింత తాగాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగేళ్లలోనే అనసూర్య, కాలనీ చివర రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆమెను ఈడ్చుకొద్దామని పోయి, వాన పడుతుంటే వాకిట్లో నిలబడిపోయాడు. పాస్టరు లోపల నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చూరు కింద వేశాడు. ఎల్లేశం దాంట్లో కూర్చున్నాడు. మరుసటి ఆదివారం కూడా వచ్చి అక్కడే కూర్చున్నాడు. లోపలికి పోవడానికి ఏడాది పట్టింది.

గోదావరిలో బాప్తిస్మం తీసుకుంటానన్న రోజున అనసూర్యకు బుచ్చన్న సంగతి మొత్తం చెప్పాడు. ఆమె లేచి అతని అంగీ తెచ్చి చేతికిచ్చింది.

"గోదాట్ల మునుగుడు తర్వాత. ముందుగాల బుచ్చన్న ఇంటికి పో."

పోయాడు. బుచ్చన్న మార్కెట్ వెనక గల్లీలో చిన్న టీ కొట్టు పెట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు.

"నాలుగేండ్ల సంది ఎవ్వలకు చెప్పినా నమ్మలే. నా పెండ్లాం గూడ నమ్మలే ఎల్లేశం," అన్నాడు చివరికి. "నాకు చెప్పుడు కాదు. ఆఫీసుల చెప్పు, పో."

ఎల్లేశం ఆఫీసుకు పోయి రాసిచ్చాడు. కొన్ని నెలలు సస్పెండ్ చేశారు. తోటివాళ్లు పిచ్చోడన్నారు. బుచ్చన్న పేరు మీది మచ్చ మాత్రం పోయింది. గోదావరిలో అతను మునిగి లేచిన ఉదయం, ఒడ్డున దూరంగా కర్ర పట్టుకుని బుచ్చన్న నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. మాఫ్ చేశానని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఆనాటి నుంచి ఎల్లేశం తాగలేదు. అబద్ధం ఆడనని ఎవరి ముందూ ఒట్టు పెట్టలేదు కానీ, తన నోటి నుంచి వచ్చే ఒక మాట ఇంకొకరి కాలు తీసేయగలదని అతనికి తెలిసింది. దిమ్మె బిగించకపోతే బిగించలేదనేవాడు. పని చేయించే ఓవర్‌మన్ తిట్టినా అదే మాట.

అలా పదహారేళ్లు గడిచాయి. కరోనా పోయిన మరుసటి ఏడు, పై నుంచి ఒక పెళ్ల ఊడి ఎల్లేశం నడుము మీద పడి ఎముక చిట్లింది. మూడు నెలలు మంచంలో ఉన్నాడు. అనసూర్య నూనె కాచి మర్దన చేసింది. పొద్దున సాయంత్రం బాత్రూముకు వీపు మీద మోసుకుపోయింది కొడుకు ఉపేందర్.

ఉపేందర్‌కు ముప్పై ఏళ్లు. ఐటీఐ చేశాడు. రాసిన పరీక్షలన్నీ అంచుదాకా వచ్చి తప్పిపోయాయి. నాలుగు రోజులు ఒకచోట, పది రోజులు ఇంకోచోట కరెంటు పనులు చేసేవాడు. భార్య రమది శ్రీరాంపూర్. వాళ్ల పాప జెస్సీకి అప్పుడు మూడేళ్లు. తండ్రిని వీపు మీద ఎక్కించుకున్నప్పుడల్లా ఉపేందర్ ఆటపట్టించేవాడు.

"బాపూ, చిన్నప్పుడు నన్ను మోసినవ్ గదా. లెక్క సరిపోయేదాంక మోస్త."

ఎల్లేశం లేచి నడిచాడు. బరువు లేని పనిలో పెట్టారు. ఎనిమిది నెలల తర్వాత, ఇతను లోపలి పనికి పనికొస్తాడా రాడా తేల్చడానికి మెడికల్ బోర్డుకు రమ్మని కాగితం వచ్చింది. పని చేయలేడని బోర్డు తేలిస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. బొగ్గు గనుల మీద బతికే కాలనీల్లో ఇది పిల్లలకు కూడా తెలుసు. రిటైరయ్యే వయసు దగ్గరపడితే ఆ తలుపు మూసుకుపోతుంది. ఎల్లేశంకు ఇదే చివరి అవకాశం.

కాగితం వచ్చిన పూట ఇంట్లో పండుగలా అయింది. ఎల్లేశం ఒక్కడే మాట్లాడలేదు. ఎందుకంటే నడుము నొప్పి పోయింది. కాగితం వచ్చేనాటికి నీళ్ల డ్రమ్ము రెండు చేతులతో లేపుతున్నాడు. జెస్సీని భుజం మీద ఎక్కించుకుని మెట్లు ఎక్కుతున్నాడు. ఇంట్లో అందరూ చూశారు. చూసి సంతోషపడ్డది కూడా వాళ్లే.

అనసూర్య తమ్ముడు సదానందం ఆ సాయంత్రమే వచ్చాడు. అతనూ గని మనిషే. అక్క కొడుకంటే ప్రాణం.

"బావా, నువ్వేం దొంగతనం చేస్తలేవు. దెబ్బ తాకింది నిజమే గదా. నొప్పి ఎంతుందో ఏ మిషను చూపెడ్తది? వంగుమంటె సగం దాంక వంగి అబ్బా అను. గంతే."

"సూద్దాం తియ్," అన్నాడు ఎల్లేశం.

ఆ మాటను వాళ్లు సరేనని అనుకున్నారు. అలా అనుకుంటారని అతనికీ తెలుసు. కాదని అప్పుడే చెప్పే ధైర్యం లేకపోయింది. తర్వాతి కాలంలో, తాను చేసిన తప్పు ఏదైనా ఉందంటే అది ఆ 'సూద్దాం' అన్న మాటేనని ఎల్లేశం చాలాసార్లు అనుకున్నాడు.

ఏం చేయాలని పాస్టరు దగ్గరికి పోయి అడిగాడు. పాస్టరు మంచివాడు. ఉపేందర్‌ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దేవుడు హృదయం చూస్తడు ఎల్లేశమన్నా. బిడ్డల కోసం తండ్రి పడే ఆరాటం ఆయనకు ఎరుక లేదా. ఇట్ల చెయ్యి అని చెప్పను. అట్ల చెయ్యకు అని గూడ చెప్పలేను."

పొమ్మనో వద్దనో ఒక మాట దొరుకుతుందని పోయిన ఎల్లేశం, పోయినప్పటికన్నా ఒంటరిగా తిరిగి వచ్చాడు.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం అనసూర్య చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ పిలిచింది.

"గీడ కూసో."

కూర్చున్నాడు.

"పెండ్లయి ముప్పై మూడేండ్లు. నాకిది కావాలని ఎన్నడన్న అడిగిన్నా?"

"లే."

"ఇప్పుడు అడుగుతున్న. నొస్తుందని చెప్పు. ఒక్క మాట."

ఎల్లేశం నేల చూస్తూ అన్నాడు. "గోదాట్ల మునగక ముందు బుచ్చన్న ఇంటికి పంపింది నువ్వే గదనే."

అనసూర్య చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. "అప్పుడు ఆపదల ఉన్నది బుచ్చన్న," అంది మెల్లగా. "ఇప్పుడు నా కొడుకు."

ఆమె ఏడవలేదు. మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

బోర్డు కూర్చునే కొత్తగూడెం దవాఖానకు తండ్రీకొడుకులిద్దరే పోయారు. దారంతా ఉపేందర్ తండ్రి వెనక ఒక దిండు సర్దుతూనే ఉన్నాడు. దిండు అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. బస్సు ఆగిన చోట చాయ్ తెచ్చిచ్చి, "లోపట ఫికర్ చెయ్యకు బాపూ. అడిగినదానికే చెప్పు," అన్నాడు. అబద్ధం చెప్పు అనలేదు. అంత మాట తండ్రితో అనలేని పిల్లవాడు.

దవాఖాన వరండాలో బెంచీల మీద మనుషులు వరసగా కూర్చున్నారు. ఎల్లేశం పక్కన కూర్చున్న మనిషికి రెండు మాటలకోసారి ఊపిరి అందడం లేదు. ఆయన పేరు పిలిచినప్పుడు ఎల్లేశమే చెయ్యి పట్టి లేపాడు. తర్వాత తన పేరు పిలిచారు.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ అతని ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎముక బాగానే అతికింది. నొప్పి ఉందా?"

ఎల్లేశం ఆ ఎక్స్‌రే వైపు చూశాడు. దేవుడు మాట్లాడతాడనుకున్నాడు, మాట్లాడలేదు. వాక్యం ఏదైనా గుర్తొస్తుందనుకున్నాడు, రాలేదు. గుర్తొచ్చింది ఉపేందర్ వీపు. చెమటకు తడిసిన బనీను, దాని మీద తన గడ్డం ఆనించి పట్టుకున్న పొద్దులు. ఆ వీపు కోసం ఏమైనా చేయొచ్చనిపించింది. అబ్బా అనే మాట గొంతుదాకా వచ్చింది కూడా.

ఆమె మళ్లీ అడిగింది. "నొప్పి ఉందా పెద్దాయనా?"

"లేదు మేడం," అన్నాడు. "పొద్దుగాల లేస్తె జరంత పట్టినట్టయితది. నడిస్తె పోతది."

"వంగండి."

వంగాడు. వేళ్లు బూట్లకు తగిలాయి.

డాక్టరమ్మ కాగితం వైపు చూసి, అతని మొహం వైపు చూసింది. "కొడుకులున్నారా?"

"ఒక్కడే మేడం. బయట ఉన్నడు."

ఆమె కలం తీసుకుని రాసింది.

వరండాలో ఉపేందర్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నరు?"

"ఫిట్ అని రాసిన్రు."

"నువ్వేం చెప్పినవ్?"

"నొప్పి లేదన్న."

ఉపేందర్ చేతిలో దిండు ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టాడు. "నిన్ను ఎత్తుకొని తిరిగిన బాపూ," అన్నాడు. కోపంగా అనలేదు. తప్పిపోయిన పిల్లాడు దారి అడిగినట్టు అన్నాడు.

తిరుగు దారిలో పెద్దపల్లిలో బస్సు ఆగితే ఉపేందర్ దిగాడు. మళ్లీ ఎక్కలేదు. ఎల్లేశం ఒక్కడే ఇల్లు చేరాడు. అనసూర్య గడపలో నిలబడి ఉంది. అతని మొహం చూసి లోపలికి పోయింది. ఆ పూట అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

ఉపేందర్ మూడో రోజు ఇంటికి వచ్చాడు. నెల తిరగకుండానే బసంత్‌నగర్ వైపు ఒక లారీ ఓనరు దగ్గర డ్రైవరుగా చేరాడు. సిమెంటు లోడు వేసుకుని పోతే నాలుగైదు రోజులకు గానీ వచ్చేవాడు కాదు. తండ్రి ఉన్న గదిలోకి వచ్చేవాడు కాదు. ఎల్లేశం మళ్లీ గనిలోపలికి దిగుతున్నాడు. ఒకసారి ఉపేందర్ అనసూర్యకు ఫోన్ చేసినప్పుడు, "బాపు డ్యూటీకి పోతుండా? నడుము ఎట్లుంది?" అని అడిగాడట. ఆ మాట రమ చెప్తే ఎల్లేశం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నవంబరులో, షిఫ్టు దిగి పైకి వచ్చి టోపీ లైటు అప్పజెప్తుంటే, సదానందం ల్యాంపు రూము దగ్గర నిలబడి ఉన్నాడు. అది అతని డ్యూటీ వేళ కాదు.

"బావా, ఇంటికి పోదాం పా," అన్నాడు.

"ఏమైంది?"

"పా బావా."

తెల్లవారుజామున పొగమంచులో, మంచిర్యాల దారిలో, చెడిపోయి రోడ్డు మీదే నిలిపేసిన టిప్పరును ఉపేందర్ లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

చర్చి సంఘం వాళ్ల సమాధుల దొడ్డిలో పూడ్చారు. పాస్టరు ప్రార్థన చేసేటప్పుడు ఎల్లేశం వైపు చూడలేకపోయాడు. మట్టి వేసే ముందు అనసూర్య అందరి ముందూ భర్త అంగీ పట్టుకుంది.

"ఒక్క మాటనే అడిగిన. ఒక్క మాట. గది గూడ నోట్లెకెల్లి రాలే నీకు. ఇగ నీ నిజం నువ్వు ఎత్తుకొని బతుకు."

ఎల్లేశం ఆమె చేతులు విడిపించుకోలేదు. ఆమె అలసిపోయి వదిలేసేదాకా అలాగే నిలబడ్డాడు.

తర్వాతి రోజుల్లో చాలామంది చాలా మాటలన్నారు. ఊరి నుంచి అన్న లింగమూర్తి వచ్చి, "ఇంటి దేవుండ్లను ఇడిసిపెట్టినవ్, గందుకే గిట్లయింది. ఇప్పటికన్న తిరిగి రారా," అని చెయ్యి పట్టుకున్నాడు. సదానందం, "అబద్ధం ఆడితే మీ దేవుడు ఏం చేస్తుండె బావా? ఇంతకన్న ఎక్కువ చేస్తుండెనా?" అని అడిగి తానే ఏడ్చాడు. ఎల్లేశం ఎవరితోనూ వాదించలేదు. ఆ ప్రశ్నలన్నీ అతను అంతకుముందే తనకు తాను వేసుకున్నవి. నిజం చెప్పింది దేవుని కోసమా, నిజాయితీపరుడన్న పేరు కోసమా? ఆ డాక్టరమ్మ ముందు వంగినప్పుడు లోపల ఎక్కడో గర్వం ఉందా? ఎంత వెతికినా తేలలేదు.

మూడో రోజు బుచ్చన్న కర్ర మీద వచ్చాడు. పొద్దంతా ఎల్లేశం పక్కన కూర్చున్నాడు. పోయేటప్పుడు, "నువ్వు ఆనాడు ఆఫీసుల చెప్పినంకనే నా ఇంట్ల నేను మనిషినైన," అన్నాడు.

గనిలో బువ్వ తినే వేళ ఎల్లేశం పక్కకు పోయి లైటు ఆర్పుకుని చీకట్లో కూర్చునేవాడు. ప్రార్థన వచ్చేది కాదు. "ప్రభువా" అని ఆగిపోయేవాడు. తర్వాత మాటలు లేవు. కొన్ని నెలలు ఆ ఒక్క మాటే అతని ప్రార్థన. కోపం వచ్చిన రోజు కోపంగానే పిలిచాడు. పిలవడం మాత్రం మానలేదు. ఆదివారం ఒక్కడే ప్రార్థనకు పోయి చివరి వరసలో కూర్చునేవాడు. అనసూర్య రావడం మానేసింది. ఒకసారి సంఘం పెద్దలు, అందరి ముందు లేచి తన అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు. ఇలాంటి పరీక్షలో నిలబడ్డవాడు మాట్లాడితే పదిమందికి బలమన్నారు.

"నేను గెలిచినోన్ని కాదు," అన్నాడు ఎల్లేశం. "నన్ను అడుగకుండ్రి."

రమ పాపను తీసుకుని శ్రీరాంపూర్‌లో తల్లిగారింటికి పోయింది. అక్కడ ఒక బడిలో ఆయాగా చేరింది. రిటైరయ్యాక ఎల్లేశం ప్రతి శనివారం బస్సెక్కి మనవరాలిని చూడడానికి పోయేవాడు. మొదట్లో రమ మంచినీళ్లిచ్చి లోపలికి పోయేది. ఒక శనివారం జెస్సీ బయట ఆడుకుంటుంటే, ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, ఒక్కటి అడుగుత. కోపం చెయ్యద్దు."

"అడుగు బిడ్డా."

"ఇట్లయితదని ముందే ఎరుకై ఉంటె, గా డాక్టరమ్మకు ఏం చెప్తుంటివి?"

ఆమెకు తేలికైన జవాబు ఇవ్వొచ్చు. అబద్ధమే చెప్పేవాణ్నంటే ఆ పిల్ల మనసు కొంచెం చల్లబడేదేమో. అతని కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగాయి.

"ఎరుకై ఉంటె, లోపలికే పోకపోతుంటి బిడ్డా. వాన్ని పట్టుకొని బస్సెక్కి ఇంటికొస్తుంటి," అన్నాడు. "కని ఆమె ముందట నిలవడి, ఆమె అడిగినంక... నాకు వేరే మాట రాదు. ఇప్పటికి గూడ రాదు. నన్ను తిట్టు."

రమ తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "తిని పో మామా," అంది. ఆ ఇంట్లో అతను అన్నం తినడం అదే మొదలు.

ఇంటి దగ్గర అనసూర్య అతనితో అవసరమైన మాటలే మాట్లాడేది. అన్నం వండేది, బట్టలు ఉతికేది, ఆదివారం అతను బయల్దేరితే తలుపు వేసుకునేది. ఎల్లేశం రమ్మని ఎన్నడూ అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనుకున్నాడు.

ఉపేందర్ పోయి రెండేళ్లు కావస్తున్న ఒక ఆదివారం, పాటలు నడుస్తుండగా ఎవరో వెనక్కి తిరిగి చూశారు. ఎల్లేశం కూడా చూశాడు. అనసూర్య బయట మెట్టు మీద, లోపలికి వీపు తిప్పి కూర్చుని ఉంది. తల మీద కొంగు కప్పుకుంది. పాడడం లేదు. లోపలికి వచ్చేలా కూడా లేదు. పాస్టరు భార్య ఆమెను పిలవడానికి లేవబోతే, ఎల్లేశం వద్దని చెయ్యి ఊపాడు.

తాను లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, ఆమెకు కొంచెం ఎడంగా అదే మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ కాళ్ల మీద పడుతోంది.

"లోపటికి పో. నా తోని ఎందుకు," అంది అనసూర్య, అటు తిరిగే.

"ఈడ గూడ ఇనవడ్తది," అన్నాడు ఎల్లేశం.

ప్రార్థన అయిపోయి అందరూ బయటికి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.